రెండో ఆర్ నొక్కే మనిషి

మొన్న నా ల్యాప్‌టాప్ మొరాయిస్తే నిజామాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక సర్వీస్ సెంటర్‌కి పట్టుకుపోయాను. అద్దాల తలుపులు, లోపల ఏసీ, చేతికో టోకెన్ నంబరు. కౌంటర్‌లో ఉన్నతను మూత తెరిచి ఒక మీట నొక్కాడు, ఇంకో మీట నొక్కాడు, నా ముఖమైనా చూడకుండా "ఫార్మాట్ చేయాలి సార్" అన్నాడు. అందులో ఏముందని మాటవరసకైనా అడగలేదు. నా ఒళ్లు మండింది. "ఉండనీయి బాబూ, నువ్వు చేసింది చాలు" అని దాన్ని సంచిలో పెట్టుకుని బయటికొచ్చేశాను.

మెట్ల మీద నిలబడితే, ఒకప్పుడు మా ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసిన ఆమె యాదికొచ్చింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. పోయిన సంగతి నాకు తెలిసింది కూడా పదిరోజుల తర్వాత. ప్రింటర్ల టోనర్ అమ్ముకునే మనిషి ఒకడు మాటల్లో మాటగా చెప్పాడు. ఆ రోజు అతని దగ్గర ఏమీ కొనకుండానే పంపించేశాను. పాపం, అతని తప్పేముంది.

పేరు రాయను. బతికుండగా ఒకసారి, పేపర్లో నీ గురించి నాలుగు ముక్కలు రాయిస్తానక్కా అంటే, "పేపర్ల ఏస్తే మంది నన్ను సూడనీకి అస్తరు, మిషిన్లు రావు" అని కొట్టిపారేసింది. ఊరంతా ఆమెను అక్క అనే పిలిచేది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే అనేవాళ్లు.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతం మాట ఇది. బస్టాండు వెనక నాకొక డీటీపీ షాపు ఉండేది. పెళ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, దుకాణాల కరపత్రాలు. అప్పటికి ఊళ్లో కంప్యూటర్ మెకానిక్కులు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. అందరి దగ్గరా ఏ రోగానికైనా ఒకటే మందు, ఫార్మాట్. అంటే లోపలున్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి విండోస్ ఎక్కించడం. మిషన్ బాగవుతుంది, నీ సామాను గంగలో కలుస్తుంది. మనకూ అంతకంటే తెలియదు కాబట్టి నోరు మూసుకుని తలూపేవాళ్లం.

ఆమె మాత్రం అట్లా ఒప్పుకునేది కాదు. "ఇల్లు కురుస్తుందని ఇల్లే కూలగొడ్తరా? గూన సదురుకుంటరు గని" అనేది. ఒక జిరాక్స్ షాపు వెనక చిన్న గది ఆమెది. చిన్నప్పటినుంచి బీడీలు చుట్టిన మనిషి. కంప్యూటర్ ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. అడిగితే "సూసి" అనేది, అంతే. బీడీల చాట మాత్రం వదల్లేదు. కింద బాసంపట్టు వేసుకుని, ఒళ్లో అదే చాట పెట్టుకుని, ఆకుకు బదులు విప్పిన స్క్రూలన్నీ అందులో వేసేది. ఆమె దగ్గర ఒక్క స్క్రూ పోగా నేను చూడలేదు. కంప్యూటర్ డబ్బా మూత తీసేముందు గాజులు మోచేతిదాకా ఎగదోసి, కిటికీ ఊచను ఒకసారి గట్టిగా పట్టుకునేది. దేవుడికి దండం పెట్టుకుంటుందని నేను చాలా రోజులు అనుకున్నాను. ఒకరోజు అడిగితే, "ఒంట్ల కరెంటుంటది తమ్మీ. గా కరెంటును ఊచల ఇడిసి ముట్టుకోవాలె, లేకుంటే మిషిన్‌కు కొడ్తది" అని చెప్పింది.

ఇంకొకటి. తెర మీద ఏది కనిపించినా చదివేది. ఇంగ్లీషు ఆమెకు అంతంతమాత్రం. ఒక్కొక్క అక్షరం కింద వేలు నడిపిస్తూ, పెదవులు కదిలిస్తూ, చివరి చుక్కదాకా చదివితేగానీ మీట ముట్టుకునేది కాదు. నేను డిగ్రీ చదివినవాణ్ని, తెర మీద డబ్బా కనిపించడమే ఆలస్యం ఓకే కొట్టేసేవాణ్ని. "అది రాసి సూపెడ్తుంటే సదువకుండ కొట్టుడేంది తమ్మీ? మనిషి మాట్లాడ్తుంటే లేసిపోయినట్టు" అని నన్ను ఎన్నిసార్లు తిట్టిందో.

ఆమెతో వేగడం కష్టమే, అబద్ధమెందుకు. నోరు మంచిది కాదు. తొందరపెడితే మిషన్ తెచ్చి గడప బయట పెట్టేది. నా ప్రింటర్‌ను మూడు వారాలు ఉంచుకుని, ఎప్పుడిస్తావంటే "అది చెప్పినప్పుడు" అంది. కానీ ఏ మిషన్ తెచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే. "ఏముంది లోపల?" ఏమైందని కాదు, ఏముందని.

బోధన్ అవతల కాలువ కింద పొలాలున్న ఒక ఆంధ్రా రైతు ఒకసారి కంప్యూటర్‌ను బొంతలో చుట్టి ట్రాక్టర్ మీద తెచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఏముంది లోపల అని అడిగింది.

"ఏవుంటదమ్మా, పిల్లలు ఆడుకునే ఆటలు. తీసి పారెయ్, మొత్తం కొత్తగా ఎక్కించు" అన్నాడాయన.

"ఇంట్ల అడిగినవా?"

"ఇంట్లో అడిగేదేవుంది?"

"అడిగి రా పో పెద్దమనిషీ. అప్పటిదాంక ముట్ట."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, ఈసారి కాస్త మెత్తబడి. వాళ్లావిడ తన పుట్టింటివాళ్ల పచ్చళ్ల కొలతలన్నీ వాళ్లమ్మ చెప్పగా అందులో రాసుకుందట, వాళ్లమ్మ ఇప్పుడు లేదట. "నాకు తెలవనే తెలవదమ్మా, నిన్న నువ్వు చేసేసుంటే ఇంట్లోకి రానిచ్చేది కాదు నన్ను" అన్నాడు. ఆమె నవ్వలేదు, చాట ముందుకు లాక్కుంది.

ఆమె పద్ధతి నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఆ ఏడు దసరాకు.

అప్పట్లో నా షాపుకు ఒక రిటైరైన సారు వచ్చేవారు. ఉండేది నవీపేట్‌లో, సొంతూరు మెండోర దిక్కు. ఆ ఊరు ఎప్పుడో శ్రీరాంసాగర్ నీళ్లలో మునిగిపోయింది. ఊళ్లో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఎవరు ఉండేవారు, వాకిట్లో ఏ చెట్టు, ఏ అరుగు మీద ఎవరు కూర్చునేవారు, అన్నీ ఆయన ముసలివాళ్లను అడిగి అడిగి చీటీల మీద రాసుకున్నారు. చెప్పినవాళ్లు చాలామంది పోయారు. సారుకు చూపు మందగిస్తోంది. అందుకని ఏడు నెలలుగా ఆదివారం, గురువారం బస్సెక్కి వచ్చి, చీటీ కళ్లకు ఆనించుకుని చదివేవారు, నేను టైపు కొట్టేవాణ్ని. కొట్టడం అయిపోయిన చీటీని అక్కడికక్కడే చింపేసేవారు. ఎందుకు సారూ అంటే, "రెండు తావుల ఉంటే దిద్దినప్పుడల్లా ఒకటి అబద్ధమైతది" అనేవారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. సీడీ రాసే పెట్టె నా షాపులోనే ఉంది. ఒక్క సీడీ మీద ఎక్కించి పెట్టాలన్న బుద్ధి నాకూ పుట్టలేదు.

దసరానాడు ఆయుధపూజ. మా దగ్గర కత్తి, కొడవలి, సైకిలు, ఏదుంటే దానికి బొట్టు పెట్టాల్సిందే. నేను బంతిపూలకు బజారుకు వెళ్తూ కంప్యూటర్ నడుస్తుండగానే వదిలేసి పోయాను. మా అమ్మ షాపు కడిగి, అన్నీ తుడిచి, నడుస్తున్న మిషన్‌కు బొట్టు పెడితే కరెంటు కొడుతుందని భయపడి గోడలోంచి ప్లగ్గు పీకేసింది. ఆ తర్వాత భక్తిగా కత్తెరకు, స్టాప్లర్‌కు, మౌస్‌కు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది. డబ్బాలో ఉన్న విండోస్ సీడీని కూడా వదల్లేదు. దానికి మెరిసే దిక్కే ముఖమనుకుంది. తడి పసుపు అద్ది, పైన కుంకుమ బొట్టు పెట్టి, పూవు కూడా పెట్టింది.

నేనొచ్చి కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఏదో ఫైలు కనిపించడం లేదని. మళ్లీ వేశాను, మళ్లీ అదే. సీడీ పెడితే అది గరగరమని తిరగడమే తప్ప ఏమీ రాదు. బయటికి తీసి చూస్తే కుంకుమ. పండగపూట ముసలితల్లి అని కూడా చూడకుండా అమ్మను నానామాటలన్నాను. ఆ మాటలు ఇప్పుడు రాయలేను, సిగ్గు. అమ్మ గడప పక్కన కూలబడింది. జమ్మి ఆకు ఇచ్చి కాళ్లు మొక్కడానికి పిల్లలొస్తే లేచింది, మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

తెల్లారి నేను అక్క గదికి పరుగెత్తాను.

"ఏముంది లోపల?" అంది.

"ఊరుందక్కా."

"ఏ ఊరు?"

సంగతంతా చెప్పాను. చీటీలు చింపిన సంగతి కూడా. ఆమె చాట కింద పెట్టి, "గా సారును తోల్కరా" అంది.

"ఇప్పుడొద్దక్కా. ముసలాయన, గీ ముచ్చట ఇంటే ఆగమైతడు. బాగైనంక నేనే చెప్త."

"బాగు గాకపోతే?"

నేను మళ్లీ ఏదో సర్దిచెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మిషిన్ నీది. సామాను ఆయనది. ఆయన ముందటనే ముట్టుకుంట, లేకుంటే లేదు."

ఇంత మొండి మనుషులుంటారా అని తిట్టుకుంటూ స్కూటర్ మీద నవీపేట్ పోయాను. దారంతా ఎట్లా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. తీరా సారు ముందు నిలబడితే, "సారూ, మిషిన్ పాడైంది, ఊరు పోయెటట్టుంది" అని మాత్రమే వచ్చింది. ఆయన కొక్కేనికున్న అంగీ తీసి తొడుక్కున్నారు. "పోదాం పా" అన్నారు. స్కూటర్ వెనక కూర్చుని నిజామాబాద్ దాకా నా భుజం గట్టిగా పట్టుకునే ఉన్నారు.

మేం వచ్చేసరికి ఆమె నా షాపులో ఉంది. సారును కుర్చీలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. సీడీ చేతికిస్తే బొట్టు చూసి, "అవ్వ వెట్టిందా?" అంది. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు, ఆమె నవ్వలేదు.

"నీ దగ్గర వేరే సీడీ లేదా అక్కా?"

"ఉన్నయి. గని విండోస్ ఎక్కించేటప్పుడు నంబరు అడుగుతది. నీ మిషిన్‌తోని అచ్చిన నంబరు నీ సీడీకే ఒప్పుకుంటది. ఇదే కావాలె."

పాత నూలుబట్టను నీళ్లలో తడిపి పిండి, సీడీని ఒళ్లో పెట్టుకుని, నడిమిలోంచి అంచుకు తిన్నగా తుడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గీతే. గుండ్రంగా తుడిస్తే తొందరగా అయిపోతుంది కదా అన్నాను. "గుండ్రం తుడిస్తే గుండ్రం గీత పడ్తది. మిషిన్ చదివేది గుండ్రంగనే. గీతల వడి తిరుగుతనే ఉంటది" అంది. కుంకుమ పోయింది. పసుపు మరక లేతగా మిగిలింది.

సీడీ తిరిగింది. నీలం తెర వచ్చింది. బాగుచేయాలంటే ఆర్ అక్షరం నొక్కమని రాసి ఉంది. నా చేయి ఆగలేదు, మీట మీదికి పోయింది. ఆమె చటుక్కున నా వేలు పట్టుకుంది.

"గా ఆర్ మనది గాదు. అందరు గీడనే ఆగమైతరు. ఈ మొదటి ఆర్ నొక్కితే నల్లతెర అస్తది, పాస్‌వర్డ్ అడుగుతది. మనిషికి బుగులు వడ్తది. బుగులు వడ్డోడు ఫార్మాట్ కొడ్తడు. దీన్ని ఇడిసిపెట్టి, కొత్తగ ఎక్కిస్తానికి అచ్చినట్టే ఎంటర్ కొట్టి లోపలికి పోవాలె. ఆడ పాత విండోస్ దానికి కనవడ్తే, అప్పుడు ఇంకో ఆర్ అడుగుతది. ఆ రెండోది మనది."

"కనవడకపోతే?" అన్నారు సారు.

"కనవడకపోతే నేను చెయ్యి తీస్త సారూ. అబద్ధం చెప్ప."

ఎంటర్ కొట్టింది. షరతుల పేజీ వచ్చింది. అంత ఆత్రంలోనూ వేలు పెట్టి చివరి వరుసదాకా చదివి, ఎఫ్ ఎనిమిది నొక్కింది. తెర నీలంగా అట్లాగే ఉండిపోయింది. అమ్మ వాకిట్లోంచి లేచి తలుపు పట్టుకుని నిలబడింది. అప్పుడు వచ్చింది, పాత విండోస్ పేరు, కింద రెండో ఆర్.

"సారూ, కనవడ్డది. నొక్కాల్నా?"

"నొక్కు బిడ్డా."

ఫైళ్లు ఎక్కడం మొదలైంది. సగం పోయాక ఆగింది. ఫలానా ఫైలు చదవలేకపోతున్నాను, మళ్లీ ప్రయత్నించాలా, వదిలేయాలా అని అడుగుతోంది. పసుపు మరక దగ్గరే తట్టుకున్నట్టుంది. "ఇడిసిపెట్టక్కా, ఒక్క ఫైలే గదా" అన్నాను.

"ఒక్క ఇల్లే గదా అని ఊర్లకెల్లి ఒక ఇల్లు తీసేస్తే సారు ఊకుంటడా?"

సీడీ బయటికి తీసి, నోటి ఆవిరి పట్టి, మళ్లీ నడిమిలోంచి అంచుకు తుడిచింది. పెట్టింది. ఆగింది. మళ్లీ తీసింది. మూడోసారికి ముందుకు సాగింది. ఆ తర్వాత మిషన్ ఒకసారి ఆరి, వెలిగి, ఇంకా ముప్పై తొమ్మిది నిమిషాలు అని తెర మీద చూపించింది. అది చెప్పే నిమిషాలు ఎవరి నిమిషాలో గానీ గంట పడుతుంది.

అప్పుడామె కుర్చీ సారు వైపు తిప్పుకుంది. "ఊరు చెప్పుండ్రి సారూ. కొత్తోళ్లు అస్తే యాడికెల్లి అస్తరు?"

ఏడు నెలలు ఆ ఊరిని నా పదివేళ్లతో కొట్టాను. ఆ ప్రశ్న నేనొక్కసారి కూడా అడగలేదు.

సారు కళ్లు మూసుకున్నారు. "రేవు దిక్కుకెల్లి అస్తరు బిడ్డా. గోదావరి దాటి, గట్టెక్కి. ఎడమదిక్కు మొదాలు బెస్తోళ్ల ఇండ్లు మూడు. వలలు ఆరేసి ఉంటయి, వంగి పోవాలె. తర్వాత సాకలోళ్లది. ఆ ఇంటామెకు ఒక కన్ను లేకుండె, కాని బట్ట మీద మరక ఆమెకు కనవడ్డట్టు ఎవ్వలకు కనవడకపోతుండె..." అట్లా చెప్పుకుంటూ పోయారు. ఆమె మధ్యమధ్య "పెద్ద ఇల్లేనా?", "దర్వాజ ఎటు దిక్కు?" అని అడుగుతోంది. ఆయన చెబుతున్నారు. మా అమ్మ కూడా లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇగ మలుపు తిరిగినంక కమ్మరోళ్ల ఇల్లు. తిత్తి సప్పుడు పొద్దుమూకేదాక. కమ్మరి ఇంటి పక్కపొంటి..." సారు ఆగారు. "పక్కపొంటి..." మళ్లీ రేవు దగ్గర్నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చారు. బెస్తోళ్లు, సాకలి, మంగలి, కోమటి, కమ్మరి. ఆగిపోయారు. కళ్లు తెరిచారు.

"యాదికొస్తలేదు బిడ్డా. ఆడ ఒక ఇల్లుండె. పొద్దాక సూసిన ఇల్లే. ఎవలదో యాదికొస్తలేదు."

చీటీ లేదు, చెప్పినవాళ్లు లేరు, ఇప్పుడు ఆయనకూ గుర్తు లేదు. ఆ ఇల్లు ఇక ఉంటే ఆ పెట్టెలోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, తల తిప్పుకున్నాను. ఆమె తన చేతిని ఆయన చేతుల మీద పెట్టి, "ఉండనీ సారూ, మిషిన్ లేస్తది" అంది. ఆ మాట ఆమె ఎవరికీ ముందుగా చెప్పదు.

మిషన్ లేచింది. నా పాత తెరే, చెరుకుతోట ఫొటో, మీద నేను అడ్డదిడ్డంగా పడేసిన ఫైళ్లు. అమ్మ నెమ్మదిగా, "నేను పీకినందుకేనా బిడ్డా?" అని అడిగింది.

"నీ తోని గాదవ్వా. పాతదైంది, దానంతల అదే పడ్డది" అంది ఆమె, అమ్మ కళ్లలోకి చూస్తూ. నేను నోరు తెరవబోతే నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను. కొన్నాళ్ల తర్వాత ఎందుకట్లా చెప్పావంటే, "మల్ల ఏడు అవ్వ బొట్టు వెట్టాల్నా వద్దా?" అంది. ఆ సాయంత్రం అమ్మ అన్నం తిన్నది.

సారు ఊరి ఫైలు తెరిచాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. గబగబా కిందికి జరుపుకుంటూ పోయాను. బెస్తోళ్లు, సాకలి, మంగలి, కోమటి, కమ్మరి.

"దొరికిందా?" అన్నారు సారు.

దొరికింది. నేనే కొట్టిన వాక్యం. దాని కింద వేలు పెట్టాను.

"సదువు తమ్మీ" అంది ఆమె.

"కమ్మరి ఇంటి పక్కన మా ఇల్లు." అంతే ఉంది. అందరి ఇళ్లకూ నాలుగేసి వాక్యాలు చెప్పిన మనిషి, తన ఇంటికి ఒక్క వాక్యమే చెప్పారు. అప్పుడది నేను గమనించనైనా లేదు.

సారు తెర దగ్గరికి వంగారు. తర్వాత "మా ఇల్లా" అన్నారు. ఇంకోసారి అన్నారు. అంగీ అంచుతో కళ్లు తుడుచుకున్నారు.

బయట ఆమె కోసం ఎవరో మానిటర్ మోసుకొచ్చి నిలబడి పిలుస్తున్నారు. ఆమె లేవలేదు. కీబోర్డును నా ముందుకు జరిపింది.

"సారూ, మీ ఇంట్ల పొయ్యి ఏ మూలకుండె?"

"తూర్పు మూలకు బిడ్డా. మా అమ్మ పొద్దుగాల పొయ్యి ఊదుతుంటే పొగ కమ్మరోళ్ల ఇంట్లకు పోతుండె. ఆయన గోడ అవతలికెల్లి మొత్తుకుంటుండె..." నేను కొట్టుకుంటూ పోయాను. పొయ్యి, గోడ, దూడను కట్టేసే గుంజ, వాళ్లమ్మ పేరు. వాళ్లమ్మ పేరు చెప్పినప్పుడు అక్క నా భుజం మీద తట్టింది.

"సేవ్ కొట్టు తమ్మీ. ఆగి ఆగి కాదు, మాట మాటకు కొట్టు."

కొట్టాను.